అంగుళం ఎత్తు సిపాయి

ఒకప్పుడు ఢిల్లీలో సిపాయిని "తిలంగా" అనేవారు. 1857 మే 11న మీరట్ నుంచి సిపాయిలు యమున మీది పడవల వంతెన దాటి నగరంలోకి వచ్చినప్పుడు, ఆనాటి ఉర్దూ పత్రికలూ, కొత్వాలుకు జనం పెట్టుకున్న అర్జీలూ వాళ్ళను "తిలంగే" అనే రాశాయి. ఆ కాగితాలు చాలామటుకు జన్‌పథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. తమాషా ఏమిటంటే, ఆ వచ్చినవాళ్ళలో అత్యధికులు అవధ్, బీహార్ ప్రాంతాల పూర్బియాలు. వాళ్ళకు తెలుగు ముక్క రాదు. మరి ఆ పేరెలా అంటుకుంది?

దానికి వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1756 అక్టోబరులో క్లైవ్ మద్రాసులో ఓడలెక్కి కలకత్తా బయలుదేరినప్పుడు తనతో మద్రాసు సిపాయిలను తీసుకుపోయాడు. వాళ్ళలో తెలుగు నేలవాళ్ళు ఉండటంతో బెంగాల్, బీహార్ జనం ఆ కొత్తరకం సైనికుడికి "తిలంగా" అని పేరు పెట్టారు. 1780లలో పాట్నా చరిత్రకారుడు గులాం హుస్సేన్ ఖాన్ తన పారశీక గ్రంథంలో ఆ మాటే వాడాడు. తెలుగువాడు వెనక్కి వచ్చేసినా మాట మాత్రం ఉత్తరాదిన ఉండిపోయింది. మన ఊరి పేరు ఎవరెవరికో ఇంటిపేరయిందన్నమాట!

సరే, పేరు దొరికింది. మరి మనిషి? ఆ తిలంగా ఎలా ఉండేవాడు? తలకు ఏం చుట్టుకునేవాడు? కాళ్ళకు చెప్పులుండేవా? ఈ ప్రశ్నలు నాకు చరిత్ర పుస్తకం చదువుతుంటే రాలేదు. బల్ల మీద ఆడే యుద్ధపు ఆట కోసం ఒక బుల్లి రెసిన్ బొమ్మకు రంగు వేయబోతే వచ్చాయి. రిటైరై నోయిడాలో స్థిరపడ్డాక మా మనవడి పుణ్యమా అని ఈ వ్యాపకం అంటుకుంది. బొమ్మలాటేమిటి, ఈ వయసులో అని మన మిత్రులు కొందరు నవ్వారు. అయితే దీని వెనక ఉన్న చరిత్ర మన ఫౌజీలు తెలుసుకోదగ్గదని నాకు తోచింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఆట సంగతి. ఇందులో బొమ్మ ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి కాస్త ఎక్కువ. ఇటువంటివి వందలు పేర్చి పెద్ద యుద్ధాలు ఆడేవాళ్ళున్నారు. స్కిర్మిష్ ఆట అలా కాదు. అటు పదిమంది, ఇటు పదిమంది, మూడడుగుల బల్ల చాలు. మన భాషలో చెప్పాలంటే ఒక సెక్షన్‌కు ఒక సెక్షన్. ప్రతి బొమ్మకూ ఒక పేరు, ఒక చీటీ. వాడి గురి ఎంత, ధైర్యం ఎంత, దెబ్బ తగిలిందా లేదా అన్నది ఆ చీటీలో రాసుకోవాలి. టేపు పెట్టి నడక కొలుస్తారు, పాచికలు వేసి కాల్పుల ఫలితం తేలుస్తారు. పెద్ద ఆటలో ఒక బెటాలియన్ పోయినా లెక్కే. ఇక్కడ ఒక్కడు పడితే వాడి పేరు తెలుస్తుంది, వాడు ఖాళీ చేసిన మూల తెలుస్తుంది.

ఇది పిల్లలాట అని కొట్టిపారేయడానికి లేదు. మనలో సాండ్ మోడల్ చుట్టూ కూర్చోనివాడెవడు? ఇటుకపొడి, రంగు కలిపిన రంపపు పొట్టు, ఊలు దారాలు, అట్టముక్కలతో కొండలూ నాలాలూ రోడ్లూ చేసి, పాయింటర్ పట్టుకుని "దుష్మన్ యహాఁ హై" అని చెప్పించుకోనివాడెవడు? ఈ ఆటా, ఆ సాండ్ మోడలూ ఒకే వంశం.

ఆ వంశానికి మూలపురుషుడు మన చతురంగమే. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాల సైన్యాన్ని పలక మీద నిలబెట్టిన ఆట అది. పశ్చిమంగా పారశీకం, అరబ్బు దేశాల మీదుగా యూరపు చేరి చదరంగమైంది. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే గణిత పండితుడు ఆ పలకనే పెద్దది చేసి, గళ్ళకు కొండలూ నదులూ రంగులుగా వేసి యుద్ధవిద్య నేర్పే ఆటగా మార్చాడు. తర్వాత ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే తండ్రీకొడుకులు గళ్ళు తీసేశారు. తండ్రి 1812లో రాజుగారికి ఆట చూపించాడు. ఫిరంగిదళం అధికారి అయిన కొడుకు 1824లో నియమాలు అచ్చువేశాడు. 1:8000 స్కేలు మ్యాపు, ఎరుపు నీలం దిమ్మెలు, ఒక్కో ఎత్తు రెండు నిమిషాల యుద్ధానికి సమానం, మధ్యలో తీర్పరి. ఆ ఎరుపు నీలాలు మనకు కొత్తవా? ప్రష్యన్ జనరల్ స్టాఫ్ అధిపతి మ్యూఫ్లింగ్ అది చూసి, ఇది ఆట కాదు, యుద్ధ శిక్షణ అని మెచ్చుకుని రెజిమెంట్లన్నిటికీ సిఫారసు చేశాడు.

బొమ్మల దారి వేరు. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 18వ శతాబ్దంలోనే తగరంతో పల్చని సిపాయి బొమ్మలు పోసేవారు. 1893లో లండన్‌కు చెందిన విలియం బ్రిటన్ సంస్థ లోపల గుల్లగా ఉండే సీసపు సిపాయిలు చేసి చౌకగా అమ్మింది. ఆ బొమ్మలతోనే రచయిత హెచ్.జి. వెల్స్ నేల మీద యుద్ధాలాడి, 1913లో "లిటిల్ వార్స్" అనే నియమాల పుస్తకం ప్రచురించాడు. ఈ ఆట నాలుగుసార్లు ఆడినవాడికి అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో బోధపడుతుందన్నది ఆయన అభిప్రాయం. ఏడాది తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

నేవీ మిత్రులకు ఇంకో ముచ్చట. 1942లో జర్మన్ సబ్‌మెరైన్లు అట్లాంటిక్‌లో ఓడలను వరసగా ముంచుతుంటే, లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ కొందరు యువతులతో ఒక చిన్న యూనిట్ పెట్టాడు. గచ్చు మీద సుద్దగీతలు, చిన్న చిన్న ఓడ బొమ్మలు, అవతలివాళ్ళకు కనపడకుండా తెరలు. ఆ గచ్చు మీద ఆడి కనిపెట్టిన ఎత్తుగడలనే సముద్రంలో కాన్వాయ్‌లు వాడాయి. వేలమంది అధికారులు అక్కడ శిక్షణ పొందారు.

మన ఉదాహరణ చెప్పుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఈస్టర్న్ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ థోరట్ 1959లో నేఫా రక్షణ గురించి ఒక నివేదిక పంపి, 1960 మార్చిలో లక్నోలో "లాల్ కిలా" అనే ఎక్సర్‌సైజు జరిపించారు. చైనా గట్టిగా వస్తే సరిహద్దు పోస్టులు నిలవవని అందులో తేలింది. ఢిల్లీ పట్టించుకోలేదు. 1962లో ఏం జరిగిందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆట నిజం చెప్పింది, వినాల్సినవాళ్ళు వినలేదు. 2022 మేలో ఆర్మీ ట్రైనింగ్ కమాండ్, రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం కలిసి ఢిల్లీలో వార్ గేమింగ్ కేంద్రానికి ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పుడంతా కంప్యూటర్లే అనుకోండి. మూలసూత్రం మాత్రం అదే.

ఇక నా ప్రశ్నకు వస్తాను. మా మనవడు దుకాణాల కేటలాగులు చూపిస్తుండేవాడు. నెపోలియన్ గార్డులు కోటు గుండీలతో సహా దొరుకుతారు. రోమన్లు, వైకింగులు, సమురాయ్‌లు దొరుకుతారు. మనదేశం వైపు వస్తే సిక్కు, గూర్ఖా, బెంగాల్ లాన్సర్. వెతగ్గా వెతగ్గా టిప్పు సుల్తాన్ కాలపు మద్రాసు సిపాయి ఎక్కడో ఒకడు. బొబ్బిలి కోటలో నిలబడినవాడు మాత్రం నా కంట పడలేదు. "తాతయ్యా, మనవాళ్ళ బొమ్మ ఒక్కటీ లేదేం?" అన్నాడు మావాడు.

దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది మూసల లెక్క. ప్లాస్టిక్ బొమ్మకు ఉక్కు మూస కావాలి. దాని ఖర్చు లక్షల్లో. వేలకొద్దీ అమ్ముడుపోయే బొమ్మకే ఆ ఖర్చు గిట్టుబాటు. అందుకే అందరికీ తెలిసిన సైన్యాలే బొమ్మలయ్యాయి. తర్వాత సిలికాన్ రబ్బరు మూసలో రెసిన్ పోసే పద్ధతి వచ్చింది. ఆ మూస కొన్ని పదుల పోతలకే అరిగిపోతుంది, కానీ చవక. చిన్న చిన్న తయారీదారులు అప్పుడు రంగంలోకి దిగారు. ఇప్పుడు మూసే అక్కరలేని త్రీడీ ప్రింటర్లు ఇళ్ళలోకి వచ్చాయి. ద్రవరూపంలో ఉన్న రెసిన్ మీద అతినీలలోహిత కాంతి పడిన చోటల్లా గట్టిపడుతుంది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని బొమ్మవుతుంది. పది బొమ్మలు కావాలంటే పదే చేసుకోవచ్చు. అంటే, మనవాడి బొమ్మ లేదని ఇంకొకరిని అడగాల్సిన అవసరం తీరిపోయింది.

రెండో కారణం లోతైనది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాదివాడు యుద్ధానికి పనికిరాడన్న అభిప్రాయాన్ని గట్టిగా ప్రచారం చేశాడు. "మార్షల్ రేస్" సిద్ధాంతం అదే. ఆ తర్వాత తెలుగువాళ్ళ భర్తీ క్రమంగా తగ్గిపోయింది. ప్లాసీకి, శ్రీరంగపట్నానికి నడిచినవాళ్ళ మనవలను సైన్యం వద్దంది. రెండో ప్రపంచ యుద్ధం మీదపడ్డాక గానీ మద్రాసు రెజిమెంటు మళ్ళీ తలెత్తలేదు. బొమ్మలు చేసేవాడు ఎవరి పటాలు దొరికితే వాళ్ళ బొమ్మలు చేస్తాడు. పటాలు సిద్ధాంతాన్ని బట్టి గీశారు. ఒకనాటి అపనింద ఈనాటి కేటలాగు దాకా ఇలా వచ్చిందని నా నమ్మకం.

ఇక బొమ్మ చేద్దామని కూర్చుంటే అసలు చరిత్ర మొదలవుతుంది. పుస్తకంలో "సిపాయిలు దాడి చేశారు" అని రాసి ఊరుకోవచ్చు. బొమ్మకు అలా కుదరదు. బొత్తాలు, అంచు, తలపాగా, పాదం అన్నీ తేల్చుకోవాలి. మూడు సంగతులు చెబుతాను.

మొదటిది చందుర్తి యుద్ధం. గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో 1758 డిసెంబరులో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్, ఫ్రెంచి కాన్‌ఫ్లాన్స్ తలపడ్డారు. ఫోర్డ్ వెంట బెంగాల్ నుంచి ఓడలో వచ్చిన సిపాయిలున్నారు. వాళ్ళకు ఎర్రకోట్లు. ఫ్రెంచివాళ్ళకు తెలిసిన సిపాయిలు తెల్లబట్టలవాళ్ళు. ఎర్రకోట్లు చూసి యూరోపియన్ దళం ఇదేననుకుని దాని మీదికి పోయారు. అసలు యూరోపియన్ దళం ఎత్తుగా పెరిగిన చేను చాటున ఉంది. అది పక్కనుంచి విరుచుకుపడింది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి బలం అక్కడితో విరిగింది, 1759 ఏప్రిల్లో మచిలీపట్నం ఫోర్డ్ వశమైంది. కోటు రంగు ఒక యుద్ధాన్ని తిప్పింది! రంగు వేసే నాకు ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఏం కావాలి? అదే రోజున ఫోర్డ్ పక్షాన విజయనగరం ఆనంద గజపతి రాజు మనుషులు సుమారు 5,000 మంది ఉన్నారు. కొందరివి నాటు తుపాకులు, మిగతావాళ్ళవి బల్లేలు, విల్లంబులు. చరిత్రకారుడు ఓర్మ్ వాళ్ళను ఒక్క వాక్యంలో చులకన చేసి వదిలేశాడు. అంతమంది మనవాళ్ళకు ఒకే ఒక్క వాక్యం.

రెండోది వేలూరు. అంతకు ముందటి మద్రాసు సిపాయి రూపం తంజావూరు కంపెనీ చిత్రాలలో కనిపిస్తుంది. పైన ఎర్రకోటు, కింద తొడల దాకా తెల్లని జాంగియా, దాని అంచుకు రంపపు పళ్ళలా నీలం కుట్టు, నడుముకు పట్టీ, తలకు పాగా, మోకాళ్ళు బోసి. చాలా పటాల్లో పక్కన భార్య కూడా ఉంటుంది. ఆ పాగా తీసి తోలు తురాయి ఉన్న కొత్తరకం టోపీ లాంటిది పెట్టుకోమనీ, నుదుట బొట్టు, చెవిపోగులు కూడదనీ ఆజ్ఞ వచ్చింది. 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. వందల ప్రాణాలు పోయాయి. మద్రాసు గవర్నర్ బెంటింక్‌నూ, సేనాధిపతి క్రాడక్‌నూ లండన్ వెనక్కి పిలిపించుకుంది. నా బొమ్మ తలపాగా ఐదు మిల్లీమీటర్లు కూడా ఉండదు. 1806కు ముందువాడా, తర్వాతివాడా అన్నది ఆ కొద్దిపాటి చోటే చెబుతుంది.

మూడోది బొబ్బిలి. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగుల ముందు కోట కూలింది. ఆ తర్వాత కొద్దిమంది చీకట్లో విజయరామరాజు డేరాలో జొరబడి ఆయన్ను చంపారు. తాండ్ర పాపారాయుడి పేరు తెలుగునాట ఎవరికి తెలియదు? స్కిర్మిష్ ఆటకు ఇంతకు మించిన ఘట్టం లేదు. రాత్రి, కాపలా, డేరా, వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గ మనుషులు. అయితే పాపారాయుడి బొమ్మ చీటీ మీద పేరు రాశాను గానీ, అతని వెంట వెళ్ళినవాడి చీటీ మీద ఏం రాయను? డేరా బయట కాపలా కాస్తూ చచ్చినవాడి పేరేమిటి? రెండు పక్కలా తెలుగువాళ్ళే కదా! ఆ చీటీలు ఖాళీగానే ఉన్నాయి.

బొమ్మలు చేయడం మనకు రాని విద్యేమీ కాదు. కొండపల్లివాళ్ళు తెల్లపొణికి కర్రను ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, అంబారీ ఏనుగును మావటితో సహా నిలబెడతారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి లక్క రంగులు పట్టిస్తారు. 2025 రిపబ్లిక్ డే నాడు ఆంధ్రప్రదేశ్ శకటంగా కర్తవ్య పథ్‌లో నడిచినవి ఆ ఏటికొప్పాక బొమ్మలే. కర్రలో ఉన్న పరిమితి ఒక్కటే. అంగుళం బొమ్మలో తుపాకి ఎక్కుపెట్టిన చేయి, జాంగియా అంచు చెక్కబోతే విరుగుతాయి. రెసిన్‌లో అవి నిలుస్తాయి. నా మట్టుకు నాకు ఇది కొండపల్లి విద్యకు కొత్త కొమ్మలాగే అనిపిస్తుంది.

ఎవరైనా మొదలుపెడితే కొన్ని జాగ్రత్తలు. గట్టిపడని రెసిన్ చర్మానికి మంచిది కాదు. చేతులకు గ్లవ్స్, గదికి గాలి తప్పనిసరి, పసిపిల్లలకు దూరం. ప్రింటయిన బొమ్మను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, మళ్ళీ కాంతిలో పెట్టి గట్టిపరచాలి. కడిగిన ద్రవాన్ని సింకులో పారబోయకూడదు. మన ఢిల్లీ జనవరి చలికి రెసిన్ చిక్కబడి పొరలు సరిగ్గా అంటుకోవు. గది వెచ్చగా ఉండాలి. జూలై, ఆగస్టు తేమలో స్ప్రే ప్రైమర్ కొడితే బొమ్మ బూజు పట్టినట్టు తెల్లబారుతుంది. ఎండకాసే రోజు చూసుకోండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. యుద్ధాన్ని ఆటగా ఆడటం మనలాంటివాళ్ళకు కాస్త ఇబ్బందే. పాచికలో భయం ఉండదు, చలి ఉండదు, ఇంటికి వెళ్ళే టెలిగ్రాం ఉండదు. ఈ సంగతి పిల్లలకు మనమే చెప్పాలి. మనం చెప్పకపోతే వాళ్ళకు ఇంకెవరూ చెప్పరు. బొమ్మ పడిపోయినప్పుడు చీటీ చదివించండి. పేరు చదివాక మా మనవడు ఆ బొమ్మను పెట్టెలోకి విసరడం మానేశాడు. నెమ్మదిగా పెడుతున్నాడు.

1931లో ఆవిష్కరించిన ఇండియా గేట్ గోడల మీద 13,000కు పైగా పేర్లున్నాయి. దాని పక్కనే 2019 ఫిబ్రవరి 25న జాతికి అంకితమైన నేషనల్ వార్ మెమోరియల్‌లో స్వతంత్ర భారత అమరవీరులు 25,000కు పైగా పేరుపేరునా చెక్కబడ్డారు. అక్కడ మనవాళ్ళ పేర్లు వేలితో తడిమి చూసుకోవచ్చు. అంతకు ముందరి తిలంగాలకు ఆ భాగ్యం లేదు. వాళ్ళ పేర్లు ఇక దొరుకుతాయన్న ఆశ తక్కువే. ఆ తర్వాతివాళ్ళ సంగతి అలా కాదు. మన తాతలు బర్మాలోనో, మెసొపొటేమియాలోనో, మన తండ్రులు 1962, 1965, 1971లలోనో ఏం తొడుక్కున్నారు, బూటు కింద మేకులున్నాయా, మఫ్లర్ ఎవరు అల్లి పంపారు, టోపీ ఏ పక్కకు వంచేవారు, ఇవి తెలిసినవాళ్ళు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. ట్రంకుపెట్టెల్లో ఫోటోలున్నాయి. వాటి వెనక పేరు, ఊరు, యూనిట్, సంవత్సరం రాసిపెట్టండి. పాత నలుపు తెలుపు ఫోటోలో రంగు కనపడదు కనుక ఏది ఏ రంగో కూడా రాయండి. బొమ్మ చేసేవాడు చేస్తాడు, ఆడేవాడు ఆడుతాడు. చీటీ మీద రాయాల్సిన పేరు మాత్రం మనమే ఇవ్వాలి.